గోరువెచ్చని నీళ్ళు

ఎనిమిదింటికల్లా ఆ వీధికి రొట్టె అందాలి. అందుకని తమ్ముడు ఐదింటికే లేచి పొయ్యి రాజేసేవాడు. చిన్న గిన్నెలో ఈస్ట్ వేసి, చిటికెడు పంచదార చేర్చి, గోరువెచ్చని నీళ్ళు పోసి, పైన పళ్ళెం మూతపెట్టేవాడు. కాసేపటికి అక్క వచ్చి పిండి జల్లించేది. జల్లించిన పిండిని చెక్కతొట్టిలో పోసి, మధ్యలో గుంట చేసి, తొట్టి పక్కన మోకరించి, ఎవరిదైనా ప్రశ్న ఉంటే దేవుణ్ణి అడిగేది. అడిగాక గిన్నెలోది గుంటలో పోసి, పిసికి, తడిగుడ్డ కప్పేది. ఏడింటికి గుడ్డ తీస్తే పిండి పొంగి ఉందా, దేవుడు సరేనన్నట్టు. పొంగలేదా, కాదన్నట్టు. ఇందులో తిరకాసు ఏమీ లేదు. వాళ్ళమ్మ కాలం నుంచీ అంతే.

వీధికి ఇది అలవాటైపోయింది. సెలూన్ ఆయన రెండో కుర్చీ కొననా అని అడిగించిన రోజున దేవుడు కాదన్నాడు. ఆ పూట వీధంతా అట్టముక్కల్లాంటి రొట్టెలు నమిలింది. "నువ్వు కుర్చీ మీద ఆశపడితే మా దవడలు ఊడాలా?" అని పోస్టుమాస్టరు రోడ్డు మీదే తగులుకున్నాడు. పాస్టరుగారు కూడా ఒక శనివారం, ప్రసంగం గంటకు పెంచమంటావా ప్రభువా అని అడిగించారనీ, ఆ పూట రొట్టె పలచగా రావడంతో సంఘం మొత్తం లోలోపల స్తోత్రం చెప్పుకుందనీ అంటారు. నిజమో కాదో నాకు తెలీదు గాని, మర్నాడు ప్రసంగం ఇరవై నిమిషాల్లో ముగిసిన మాట మాత్రం నిజం.

రెండే నియమాలు. అడిగిన ప్రశ్న మళ్ళీ అడగకూడదు. ప్రశ్న ఉన్న రోజున గిన్నెలోకి చూడకూడదు. ఈ రెండోది విచిత్రమైన నియమం. ఈస్ట్ నురగ కట్టిందో లేదో చూసుకోకుండా పిండి కలిపేవాణ్ణి ఏ బేకరీలోనూ ఉంచుకోరు. మామూలు రోజుల్లో ఆవిడా చూసేది. కానీ ప్రశ్న ఉన్న రోజున చూస్తే, దేవుడు నోరు తెరవకముందే సందులోంచి తొంగిచూసినట్టని వాళ్ళమ్మ నేర్పింది. ప్రభువును శోధించకూడదు కదా. అందుకని కళ్ళు గట్టిగా మూసుకుని పోసేది. ఇరవై ఏళ్ళుగా వీధి బాగోగులన్నీ అలా కళ్ళు మూసుకునే కలిపింది.

అందరూ ఆవిణ్ణి రొట్టెలక్క అనేవారు. తనకంటే పెద్దవాళ్ళు కూడా.

తమ్ముడు మంచివాడు. ఈ మాట ఇక్కడే చెప్పెయ్యాలి, తర్వాత చెప్పడానికి నాకు మనసొప్పదు. తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఆవిడకి పంతొమ్మిది. వాడి చొక్కాలకి గుండీలు కుట్టింది, వాడి లెక్కలు దిద్దింది, జ్వరమొస్తే రాత్రంతా వాడి పక్కన కూచుని ప్రార్థన చేసింది. వాడు పెద్దయ్యాడు, పొయ్యి పని నేర్చుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, పాప పుట్టింది, ముప్పై దాటకుండానే సంఘ పెద్ద అయ్యాడు. ఆదివారాలు వాడు వాక్యం చదువుతుంటే వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూచునేవాళ్ళు. గొంతు అలాంటిది. ముందు వరసలో కూచున్న అక్క ముఖం చూస్తే, ఆ వాక్యం రాసింది కూడా వీడే అనుకుంటోందేమో అనిపించేది.

ఊళ్ళో అందరి ప్రశ్నలూ అడిగిన ఆవిడ తన ప్రశ్న ఒకే ఒక్కసారి అడిగింది. అది రెండేళ్ళ కిందటి మాట.

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయన రోజూ సాయంత్రం రొట్టెకి వచ్చేవాడు. వేళ్ళకి నూనె మరకలుంటాయని జేబులోంచి కాగితం తీసి, దాంతో రొట్టె పట్టుకునేవాడు. ఆ కాగితం ఆవిడకి నచ్చింది. ఎనిమిది నెలలు రొట్టెలు కొన్నాక ఒకరోజు ఆయన, "నేను పెద్ద భక్తుణ్ణి కాదండీ. ఆదివారం వెనక బెంచీలో కూచుంటాను, ఒక్కోసారి కునుకు పడుతుంది కూడా. అయినా మీకు అభ్యంతరం లేకపోతే మనం పెళ్ళి చేసుకుందాం," అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. "అడిగి చెబుతానండీ," అంది. ఎవర్ని అడుగుతుందో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు తొట్టి పక్కన మోకరించి ఆవిడ తన ప్రశ్న అడిగింది. ఏడింటికి గుడ్డ తీసి చూస్తే పిండి ముద్ద ముద్దలాగే పడి ఉంది.

"ఇంకోసారి అడగండి," అన్నాడు మేస్త్రీ. ఆయన గొంతులో ప్రాధేయపడటం ఉంది.

"ఒకసారి చెప్పాక మళ్ళీ అడిగితే ఆయన మాట మీద నమ్మకం లేనట్టేనండీ."

"మీకు చెప్పాడు సరే. నాతో ఏమీ అనలేదు కదండీ."

ఆవిడ లోపలికెళ్ళిపోయింది. మేస్త్రీ ఆ నెలాఖరుకి వేరే ఊరు వెళ్ళాడు. ఏడాదికి అక్కడే దర్జీ పని చేసే ఒకావిణ్ణి పెళ్ళి చేసుకున్నాడని తెలిసింది. రొట్టెలక్క ఆ ఇద్దరి కోసం ప్రార్థన చేసింది, నిజంగానే చేసింది. ఆ ఆదివారం సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. నేను కోరుకున్నదాన్ని ప్రభువు వద్దన్నాడు, నా మంచికే అన్నాడు, నేను లోబడ్డాను అంది. సంఘం కళ్ళు తుడుచుకుంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది తమ్ముడు.

ఇప్పుడు రెండో ప్రశ్న వచ్చింది.

కొండదారిలో, బస్సులో ఐదారు గంటల దూరంలో ఒక ఆస్పత్రి ఉంది. అక్కడి పెద్ద నర్సు ఏదో పని మీద వచ్చి, వారం రోజులు ఈ వీధిలో దిగింది. ఏడు రోజులూ ఈ రొట్టే తింది. ఆరో రోజు అంగట్లోకి వచ్చి, "మా వంటశాలకి మనిషి కావాలి. రెండు వందల మంది రోగులు. ఇప్పుడు వాళ్ళు తింటున్నదాన్ని రొట్టె అనడానికి నాకు నోరు రావడం లేదు. మీకు గది ఇస్తాం. కిటికీ ఉంది. చేతికింద నలుగురుంటారు, వాళ్ళకి పని నేర్పాలి. నేను ఎల్లుండి తొమ్మిది గంటల బస్సుకి వెళ్తున్నాను, వస్తే నాతో వచ్చెయ్యండి," అంది.

రొట్టెలక్కకి నలభై రెండేళ్ళు. కిటికీ ఉన్న గదిలో ఆవిడ ఏనాడూ పడుకోలేదు. పిండి బస్తాల గది పక్కన చాపేసుకునేది, ముందు చిన్నవాడైన తమ్ముడు పిండి పాడుచెయ్యకుండా, తర్వాత తమ్ముడి కాపురానికి అడ్డు రాకుండా. ఎవరో తనని పనిమంతురాలని పిలవడం ఆవిడకి ఎంత బాగుందంటే, ఆ రోజు మూడు రొట్టెలు మాడిపోయాయి. సాయంత్రం తమ్ముడితో చెప్పింది.

"అడుగుదాంలే అక్కా," అన్నాడు వాడు నింపాదిగా. "ఆయన ఎలా అంటే అలా."

ఎల్లుండి రానే వచ్చింది. ఆవిడ మోకరించి, "నేను ఆస్పత్రికి వెళ్ళనా ప్రభూ?" అని అడిగింది. కళ్ళు మూసుకుని గిన్నెలోది పోసింది. పిసికింది. గుడ్డ కప్పింది. ఏడింటికి తీసింది.

ముద్ద ముద్దలాగే ఉంది.

సరే అనుకుంది. ముద్దని రొట్టెలుగా కోద్దామని వంగింది. అప్పుడు ముక్కు అనుమానపడింది.

దేవుడు కాదన్న పిండిని ఆవిడ ఇరవై ఏళ్ళలో కొన్ని వందలసార్లు చూసింది. అది పొంగదు గాని పులుస్తుంది. వంగితే పుల్లటి, తీయటి వాసన ముక్కుకి తగులుతుంది. వేలితో నొక్కితే లోపల చిన్న చిన్న బుడగలు చిట్లుతాయి. బతికి ఉన్న పిండి అది, పొంగనంటుంది, అంతే. ఈ ముద్దకి ఏ వాసనా లేదు. తడిసిన పిండి వాసన, గోడలకి కాగితాలు అంటించే జిగురు వాసన. వేలితో నొక్కింది. నొక్కిన గుంట నొక్కినట్టే ఉండిపోయింది.

మేస్త్రీని అడిగిన రోజున కూడా వాసన లేదు. ఆవేళ ఆవిడ, ఎంత కోపంగా కాదన్నాడో అనుకుని భయపడింది. ఆ భయంతో మూడు రోజులు ఉపవాసం ఉంది.

ఆవిడ ఈస్ట్ డబ్బా తెరిచింది. వేరే గిన్నెలో కొంచెం వేసి, పంచదార వేసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, కళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడింది. పది నిమిషాల్లో నురగ గిన్నె అంచు దాకా వచ్చింది. ఈస్ట్ బాగానే ఉంది.

"ఒరేయ్, ఇలా రా."

తమ్ముడు పొయ్యి దగ్గర్నుంచి వచ్చాడు. వెనకే మరదలు రొట్టెల బల్ల మోసుకుని వచ్చింది.

"పొద్దున నీళ్ళు ఎంత వేడిగా పోశావు?"

"రోజూ పోసినట్టే."

"గిన్నె ఏది?"

"కడిగేశాను."

"రోజూ గిన్నె కడిగేది నేను కదరా. ఇవాళ నువ్వెందుకు కడిగావు?"

మరదలు బల్ల కింద పెట్టి, "పాప లేచినట్టుంది," అని లోపలికెళ్ళిపోయింది. ఏ పాపా ఏడవలేదు. ఈవిడకీ తెలుసన్నమాట అనుకుంది రొట్టెలక్క.

"మరిగే నీళ్ళు పోశావు," అంది. "ఈస్ట్ చచ్చింది. నేను వచ్చేసరికి నీళ్ళు చల్లారాయి. నేను గిన్నెలోకి చూడనని నీకు తెలుసు."

వాడు నేల చూస్తున్నాడు.

"రెండేళ్ళ కిందట కూడానా?"

"అక్కా, నువ్వెళ్ళిపోతే ఈ అంగడి..."

"అప్పుడు కూడానా అని అడుగుతున్నా."

"ఊఁ," అన్నాడు వాడు.

ముందు ఆవిడకి కోపం రాలేదు, సిగ్గేసింది. సంఘం మధ్యలో నిలబడి సాక్ష్యం చెప్పిన తను గుర్తొచ్చింది. లోబడ్డాను, లోబడ్డాను అంటూ కళ్ళొత్తుకున్న తను. వీడి ఆమెన్ గుర్తొచ్చింది. తొట్టి అంచు పట్టుకుంది. తన బతుకులో ఒక మనిషి కాగితం ముక్క పట్టుకుని వచ్చాడు. ఆయన్ని తిప్పి పంపింది దేవుడు కాదు, ఒక కెటిల్‌డు మరిగే నీళ్ళు.

"నీ పెళ్ళికి అడిగిన రోజు గుర్తుందారా?" అంది. "పెళ్ళికొడుకువి, పడుకో అన్నాను. ఆ రోజు నీళ్ళు కాచింది నేను. నువ్వు వేరు కాపురం పెట్టేసి నన్ను ఒంటరిదాన్ని చేస్తావేమోనని నాకూ భయమేసింది. మనిషినే కదా. అయినా చెయ్యి ముంచి చూసి, గోరువెచ్చగా పోశాను."

తమ్ముడు ఏడ్చాడు. నిజమైన ఏడుపే. "తప్పయిపోయిందక్కా. నువ్వు లేకపోతే ఈ వీధిలో దేవుడితో మాట్లాడేదెవరు? నా మాట ఎవరు వింటారు? రొట్టెలక్క తమ్ముడనే కదా నన్ను పెద్దని చేశారు," అన్నాడు. ఇక్కడితో ఆగుంటే బాగుండేది. కానీ ఏడుపు కాస్త తగ్గగానే వాడికి వాక్యం చదివే గొంతు వచ్చేసింది. "అయినా ఒకటి ఆలోచించక్కా. నువ్వు వెళ్ళాలని నిజంగా ఆయనకి ఉంటే, నా కెటిల్‌కి ఆగుతాడా? ఆయన తలుచుకుంటే ఈస్ట్ లేకుండా కూడా పొంగించగలడు కదా. పొంగించలేదంటే, ఆయనకీ ఇష్టం లేనట్టే కదా."

అప్పుడు వచ్చింది కోపం.

ఆవిడ గట్టిపడిన ముద్దని ఎత్తి చెత్తబుట్టలో పడేసింది. నాలుగు దోసిళ్ళ పిండి తొట్టిలో పోసింది. కుండలోని చన్నీళ్ళు పోసింది. ఈస్ట్ డబ్బా మూత పెట్టి, తమ్ముడికి కనబడేట్టు అటక మీద పెట్టింది. గుప్పెడు ఉప్పు తీసి పిండిలో కొట్టింది. అంత ఉప్పులో ఏదీ పులవదని పొయ్యి దగ్గర ఒక్క వారం పని చేసినవాడికి కూడా తెలుసు. కళ్ళు తెరుచుకునే పిసికింది. గుడ్డ కప్పింది. తర్వాత, జీవితంలో మొదటిసారి, అడిగిన ప్రశ్నని మళ్ళీ అడిగింది. మోకరించలేదు, నడుము మీద చెయ్యేసుకుని అడిగింది.

"నేను వెళ్ళనా?"

పెద్ద నర్సు సంచీ పట్టుకుని వచ్చింది. ఎనిమిదైంది. "ఏమన్నాడు?" అని అడిగింది.

"ఇంకా ఏమీ అనలేదండీ. కూచోండి."

నర్సు బెంచీ మీద కూచుంది. రొట్టెలకొచ్చినవాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు. ఇవాళ రొట్టె లేదని చెప్పినా ఎవరూ కదల్లేదు. సెలూన్ ఆయన చేతిలో దువ్వెనతోనే వచ్చి నిలబడ్డాడు. తమ్ముడు గోడకి ఆనుకుని తొట్టి వంకే చూస్తున్నాడు.

ఎనిమిదిన్నరకి గుడ్డ కదిలింది. ముందు మధ్యలో గుండ్రంగా లేచింది, తర్వాత అంచుల దగ్గర. గుడ్డ జారి నేల మీద పడింది. పిండి తొట్టి నిండి, అంచు దాటి, మెత్తగా తెల్లగా పైకి వస్తూనే ఉంది. నాలుగు దోసిళ్ళ పిండి. పుల్లటి, తీయటి వాసన అంగడంతా నిండింది.

"స్తోత్రం!" అని తమ్ముడు మోకాళ్ళ మీద పడ్డాడు. "వెళ్ళమంటున్నాడక్కా! చూశావా, ఎంత దయామయుడో! నన్ను క్షమించేశాడు!" వాడి ముఖంలో బరువు దిగిపోయిన ఆనందం. అక్క రెండు చేతులూ పట్టుకోబోయాడు.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. ముఖం పాలిపోయింది. పొద్దుట్నుంచీ రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

"అంటే ఆ రోజు కూడా పొంగించగలిగేవాడే," అంది.

తమ్ముడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు మూసుకున్నాడు.

ఆవిడ పిడికిలి బిగించి పిండిని ఒక్క గుద్దు గుద్దింది. రొట్టెలవాళ్ళు పొంగిన పిండిని రోజూ గుద్దుతారు, గాలి పోవాలని. ఇది ఆ గుద్దు కాదు. పిండి బుస్సున దిగి, చెయ్యి మణికట్టు దాకా లోపలికెళ్ళింది. వెంటనే మళ్ళీ పొంగి చేతిని పట్టుకుంది. ఆవిడ లాగింది. వదల్లేదు. లోపల వెచ్చగా ఉంది.

"ఎందుకు ఊరుకున్నావు?" అంది ఆవిడ పిండితో. తమ్ముడున్నాడనీ, వీధంతా గుమ్మంలో ఉందనీ మర్చిపోయింది. "వాడు నీ పేరు మీద అబద్ధం చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావు? నా ఎదురుగానే ఉన్నావు కదా, ఇదే తొట్టిలో. మూడు రోజులు తిండి మానేసి నీకు కోపం తెప్పించానేమోనని ఏడ్చానే, అప్పుడు విన్నావు కదా. కాదు, నేననలేదు అని ఒక్క బుడగ వెయ్యలేకపోయావా? వాడంటే పిరికివాడు. నీకేం భయం? కళ్ళు మూసుకుని పోశాను, ఇరవై ఏళ్ళు. నిన్ను నమ్మి. నువ్వు కూడా చూస్తూ కూచున్నావు."

పిండి ఏమీ అనలేదు. చేతిని మరికాస్త గట్టిగా పట్టుకుంది.

వీధి చివర బస్సు హారన్ వినిపించింది. పెద్ద నర్సు లేచి, పిండిలో ఇరుక్కున్న చెయ్యి వంక ఒకసారి చూసి, "బస్సుని కాసేపు ఆపమననా?" అని అడిగింది.

"వద్దండీ," అంది రొట్టెలక్క. ముక్కు ఎగబీల్చి, పిండి వైపు వంగి, మెల్లగా, "వదులు. వెళ్తున్నాను. నువ్వు వెళ్ళమన్నావని కాదు, వెళ్ళాలని ఉంది కాబట్టి వెళ్తున్నాను," అంది.

పిండి వదిలింది.

ఆవిడ బస్తాల గదిలోకెళ్ళి రెండు చీరలు, ఒక దువ్వెన, తల్లి బైబిలు సంచీలో వేసుకుంది. అంతకుమించి ఆవిడకి ఏమీ లేదు. మరదలు తలుపు చాటునుంచి "వదినా" అంది గాని తర్వాత మాట దొరకలేదు. గుమ్మంలో జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. "మరి మా ప్రశ్నలు, రొట్టెలక్కా?" అన్నాడు సెలూన్ ఆయన దిగులుగా.

"మోకాళ్ళు మీకూ ఉన్నాయి కదయ్యా," అంది ఆవిడ.

తమ్ముడు సంచీ అందుకోబోయాడు. ఇవ్వలేదు. "అక్కా, ఆయన క్షమించాడు కదా, నువ్వూ ఒక్క మాట అను," అన్నాడు వాడు. వాడి గొంతులో వాక్యం లేదిప్పుడు, ఏడేళ్ళ పిల్లాడున్నాడు. ఆవిడ వాడి చొక్కా గుండీల వంక చూసింది. అయినా, "ఆయన క్షమించాడో లేదో నాకు చెప్పలేదు. నేను మాత్రం క్షమించలేదురా," అంది.

బస్సులో పెద్ద నర్సు కిటికీ పక్క సీటు ఆవిడకి వదిలింది. చేతికి మణికట్టు దాకా పిండి అంటుకునే ఉంది. బస్సు కొండదారి ఎక్కాక నర్సు, "ఏదో గొణుగుతున్నారు, నాతోనా?" అని అడిగింది.

"మీతో కాదండీ," అంది రొట్టెలక్క. ఆవిడ క్షమించాల్సినవాళ్ళు ఇద్దరు. ఒకడితో మాట గుమ్మం దగ్గరే తెగిపోయింది. రెండోవాడితో మాత్రం దారి పొడుగునా పోట్లాడుతూనే ఉంది.